ఇరవై ఆరు తుపాకులు

కౌబాయ్ సినిమాలు చూసేవాళ్లలో ఒక బ్యాచ్ ఉంటుంది. హీరో మొహం కంటే ముందు అతని చేతిలో తుపాకీ చూస్తారు. నేను ఆ బ్యాచే. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ వచ్చింది 1873లో. కానీ 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధం కథల్లో కూడా అది హాయిగా పేలుతూ ఉంటుంది. 1939లో వచ్చిన 'స్టేజ్‌కోచ్' కథ జరిగేది 1880లో. అందులో జాన్ వేన్ తిప్పే వించెస్టర్ మాత్రం 1892 మోడల్!

మరి తెలుగులో ఈ లెక్క ఎక్కడ చూడాలి? 1971లో కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్‌లో కృష్ణ గారు చేసిన 'మోసగాళ్లకు మోసగాడు' మన తొలి కౌబాయ్ సినిమా. అది కల్పిత కథ కాబట్టి తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మూడేళ్ల తర్వాత, 1974 మే 1న, కృష్ణ గారి నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. డైరెక్టర్ వి. రామచంద్రరావు మధ్యలోనే చనిపోతే, ఫైట్లు తీసింది ఈ దాస్ గారే. కౌబాయ్ తుపాకులు పేల్చిన చేతులే మన్యం తుపాకులు కూడా పేల్చాయన్నమాట. ఈ కథలో మాత్రం లెక్క సరిచూడొచ్చు. ఎందుకంటే ఆ లెక్క రాసిపెట్టింది స్వయంగా అల్లూరే.

ఆయన అసలు పేరు శ్రీరామరాజు. 1897 జులై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో పుట్టారు. సొంతూరు పశ్చిమ గోదావరిలోని మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫర్. ఆయన చిన్నప్పుడే పోవడంతో కుటుంబం ఊళ్లు మారింది, ఈయన బడులు మారారు. చదువు మీద మనసు నిలవలేదు. 1916లో ఉత్తరాది తీర్థాలు తిరిగొచ్చి, కృష్ణదేవిపేట దగ్గర సన్యాసిలా స్థిరపడ్డారు.

అక్కడ మన్యం వాళ్ల కష్టం చూశారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి అడ్డు పడింది. సొంత కొండ మీద కట్టె కొట్టినా నేరమే. దానికి తోడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం - లంబసింగి రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి సరిగా ఇచ్చేవాడు కాదు. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి ముఠాదారులు రాజు వెంట నిలబడ్డారు.

మనుషులున్నారు, విల్లంబులున్నాయి. తుపాకులే లేవు. 1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. 11 తుపాకులు, 1,390 గుళ్లు, 14 బాయొనెట్లు, 5 కత్తులు దొరికాయి. మర్నాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. ఆ మర్నాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు, దాంతోపాటు జైల్లో ఉన్న వీరయ్య దొర విడుదల. మూడు రోజులు, మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు, దాదాపు 2,500 గుళ్లు. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ స్టేషన్ రికార్డులో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు. మన భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్ వదిలేసి వెళ్లిన హ్యాకర్!

ఇప్పుడు భాగించి చూడండి. 300 మందికి 26 అంటే దాదాపు పన్నెండు మందికి ఒక తుపాకీ. ఒక్కో తుపాకీకి 96 గుళ్లు. నాటు తుపాకీ అయితే మందు, రవ్వలు ఎలాగో సంపాదించి కూరుకోవచ్చు. సర్కారు తుపాకీకి సరిపడే తూటా అడవిలో తయారు కాదు. అయిపోతే మళ్లీ ఇంకో స్టేషనే దిక్కు. రోజుకో స్టేషన్ చొప్పున కొట్టడం వెనక ఉన్న అవసరం ఇదే అనిపిస్తుంది నాకు.

అందుకే ఆయన యుద్ధం అంతా పొదుపు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడుస్తున్న భారతీయ పోలీసుల్ని పోనిచ్చి, వెనకున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లనే కొట్టారు. మనవాళ్ల ప్రాణమూ మిగిలింది, గుండూ మిగిలింది. దాడికి ముందు బాణానికి మిరపకాయలు కట్టి కబురు పంపేవారు. జనం దాన్ని మిరపకాయ టపా అన్నారు.

ప్రభుత్వం కూడా ఈ లెక్క కనిపెట్టింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు వెళ్తే అక్కడ ఆయుధాలు దొరకలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం పోరులో మనుషుల్ని పోగొట్టుకున్నారు. మలబారు పోలీసులు, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్ దిగాయి. వాళ్లకు తూటాల సప్లై ఆగదు, ఈయనకు మొదలవ్వదు. అయినా 1924 దాకా లాగారంటే అది తుపాకుల బలం కాదు. అన్నం పెట్టి, దాచిపెట్టి, నోరు విప్పని ఊళ్ల బలం.

తల మీద పదివేల రూపాయల బహుమతి పెట్టారు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకు కట్టి, విచారణ లేకుండా మేజర్ గుడాల్ కాల్చేశాడు. అప్పటికి రాజుకు 26 ఏళ్లు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటం దొర నెల తర్వాత పోరులోనే పోయాడు. మల్లు దొర దొరికిపోయి, ఉరిశిక్ష యావజ్జీవంగా మారి, చివరికి 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు.

మా రెడ్డిగూడెంలో ఆగస్టు పదిహేనుకి పిల్లలకి అల్లూరి వేషం వేస్తే కాషాయం పంచె, గడ్డం, భుజాన విల్లు. తుపాకీ ఎవరూ ఇవ్వరు. ఒక రకంగా అదే చరిత్రకి దగ్గర. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో మాత్రం ఊరందరికీ ఆయుధాలు తేవడమే రామరాజు లక్ష్యం. అది కల్పన అని తీసినవాళ్లే చెప్పారు, గొడవ లేదు. నాకూ విజిల్ వేయాలనిపించింది.

కానీ ఇంకో సినిమా తీసేవాళ్లుంటే నాదొక రిక్వెస్ట్. తుపాకీ మోడల్ కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తాం. ఒక్క సీన్‌లోనైనా రాత్రిపూట అందరూ కూర్చుని మిగిలిన గుళ్లు లెక్కపెట్టుకోవడం చూపించండి. మర్నాడు ఎవరి చేతికి తుపాకీ ఇవ్వాలి, ఎవరు విల్లుతో వెళ్లాలి అని తేల్చుకోవడం చూపించండి. విల్లుతో వెళ్లిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లే ఎక్కువమంది.