మషికో కుమ్మరి హమదా షోజీ

ఆవకాయ జాడీ నెఱుగని తెలుగు గృహిణి యుండదు. మట్టితో చేసి, గాజువంటి పూత పూసి, తీవ్రమైన వేడిమిలో కాల్చిన ఆ పాత్ర ఉప్పునకును పులుపునకును చెడదని మనకు తెలియును గాని, దానిని చేసిన వాని పేరేమని యెవరును అడుగరు. పేరడుగని యట్టి పాత్రలలోనే నిజమైన సౌందర్యము కలదని నమ్మి, పట్టణమును విడిచి యొక పల్లెలో కుమ్మరియై జీవించినవాడు జపాను దేశీయుడగు హమదా షోజీ. మనకువలెనే జపానీయులకును ఇంటిపేరు ముందు వచ్చును. హమదా యనునది ఇంటిపేరు.

ఆయన 1894 డిసెంబరు 9వ తేదీన టోక్యో నగరమునకు చేరువనున్న కవసాకిలో జన్మించెను. చిన్ననాట చిత్రకారుడు కావలయునని కోరిక యుండెను. చిత్రకారులు మితిమీరి పెరిగిరనియు, వారిలో పలువురు చేతిపనులకు మరలుట మేలనియు ఫ్రెంచి చిత్రకారుడు రెన్వా అభిప్రాయపడినట్లు చదివి, ఆ బాలుడు మనసు మార్చుకొనెను. చెడిన చిత్రము పారవేయుటకే తగును; వంకరపోయిన కుండ యైనను ఏదో యొక పనికి వచ్చునని ఆయన తలపోసెను.

1913లో టోక్యోలోని ఉన్నత సాంకేతిక పాఠశాలలో మృత్పాత్ర శాఖయందు చేరెను. సుప్రసిద్ధుడైన ఇతాయ హజాన్ అచట గురువు. నాలుగేండ్లు పెద్దవాడగు కవాయి కాంజిరో అచ్చటనే పరిచితుడై ఆజన్మ మిత్రుడయ్యెను. చదువు ముగిసిన పిమ్మట 1916లో హమదా క్యోటో నగర మృత్పాత్ర పరిశోధనాలయమున ప్రవేశించి, కవాయితో కలిసి వేలకొలది గాజుపూతలను పరీక్షించెను. ఏ ఖనిజమును ఎంత పాలు కలిపిన ఏ రంగు వచ్చునో ఆ యిరువురికి తెలిసినంతగా ఆనాడు తెలిసినవారు తక్కువ.

కాని ఆయన మనస్సున నిలిచినది పరిశోధనాలయము కాదు. విద్యార్థి దశలో గురువుగారి యింట ఒక తేనీటి కూజాను చూచెను. అది మషికో అను పల్లెలో తయారైన చవుక సరకు; దానిపై కొండలు, చెట్లు, నీరు నాలుగు గీతలలో చిత్రింపబడియుండెను. ఆ పల్లెలో అట్టి చిత్రములు వ్రాసి పొట్టపోసికొన్నవారిలో మినగావ మసు (1874–1960) అను స్త్రీ యొకతె. ఆమె చదువు నేర్వలేదు. చిన్నతనము నుండియు దినమునకు వందలకొలది కూజాలకు అదే చిత్రము వ్రాసెను. తాను కళాకారిణి ననుకొనని యామె కుంచెలో గల జీవము, కళాశాలలో నేర్చినవారి కుంచెలో ఏల లేదు? హమదా జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యనవచ్చును.

1918లో టోక్యోలో జరిగిన యొక ప్రదర్శనమున ఆంగ్లేయ మృత్పాత్ర శిల్పి బెర్నార్డ్ లీచ్‌తో పరిచయము కలిగెను. 1920లో ఇరువురును ఇంగ్లండునకు పోయి, కార్న్‌వాల్ సముద్రతీరమున సెంట్ ఐవ్స్ అను ఊరిలో జపాను పద్ధతిని, వాలుపై మెట్లవలె అరలుగల ఆవమును కట్టిరి. పాశ్చాత్య దేశములలో అట్టిది అదియే మొదటిది. అయితే అది బాగుగా నిలువలేదు. తరువాత మత్సుబయషి అను మఱియొక జపానీయుడు వచ్చి మేలైనదానిని కట్టవలసివచ్చెను. ఇంగ్లండులోనే డిచ్లింగ్ అను గ్రామమున నేతగాండ్రును ఇతర పనివాండ్రును పల్లె బ్రతుకు బ్రతుకుచు ఉత్తమమైన పని చేయుటను చూచి, తాను కూడ పల్లెకే పోవలయునని హమదా నిశ్చయించుకొనెను. 1923లో లండనులో ఆయన పాత్రల ప్రదర్శనము జరిగెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సంభవించిన భూకంపము టోక్యో ప్రాంతమును నేలమట్టము చేయగా, మఱుసటి యేడు స్వదేశము చేరెను.

క్యోటోలో స్థిరపడినచో పేరును ధనమును సులభముగా లభించెడివి. ఆయన టోక్యోకు ఉత్తరముగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న మషికోకు పోయెను. 1853 ప్రాంతమున మొదలైన అచటి కుమ్మరము టోక్యో వంటయిండ్లకు బానలు, కూజాలు, మూకుళ్లు సరఫరా చేసి బ్రతికెను. పట్టణమున గ్యాసు పొయ్యిలును లోహపు గిన్నెలును వచ్చిన కొలది ఆ బేరము సన్నగిల్లెను. సత్తుగిన్నెలును ప్లాస్టికు బిందెలును వచ్చిన పిదప మన కుమ్మరి వాడలకు పట్టిన గతి తెలిసినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. హైదరాబాదున హైటెక్ సిటీ మేడల ప్రక్కనున్న శిల్పారామమున కుమ్మరి సారెను వింతగా చూచు పిల్లలు, తమ ముత్తవ్వలు ఆ సారెపై చేసిన కుండలోనే అన్నము వండిరని ఎఱుగరు.

పట్నపు చదువరి తమ యూరికేల వచ్చెనో మషికోవారికి తొలుత అర్థము కాలేదు. సకుమ తోతారో అను కుమ్మరి తన పనిశాలలో చోటిచ్చెను. 1924లో వివాహమైన హమదా చలికాలమున భార్యతో ఒకినావా ద్వీపమునకు పోయి అచటి కుమ్మరులతో పనిచేసెను. అచట చూచిన చెఱకు గడ రూపమునే తరువాత జీవితాంతము పాత్రలపై చిత్రించెను. 1930లో మషికోలో సొంత ఇల్లు ఏర్పడెను. పడగొట్టబోవు పాత రైతుల యిండ్లను కొని తెచ్చి తన ఆవరణలో నిలుపుట ఆయనకు అలవాటు.

ఆయన పని తీరు మన పల్లెవారికి చిరపరిచితముగ తోచును. నేలమట్టముననున్న సారె ముందు బాసిపట్టు వేసికొని కూర్చుండి, కర్రతో దానిని త్రిప్పెడివాడు. మన్ను ఊరిదే. ఊరి రాతిని పొడిచేసిన తుప్పురంగు పూత, ఊకబూడిదతో వచ్చు తెల్లని పూత వంటివి కొన్నియే వాడెను. వేల పూతలు తెలిసినవాడు అయిదారింటితో తృప్తిపడుట గమనింపదగినది. కుంచె కుక్క వెండ్రుకలతో చేసినది. పెద్ద పళ్లెరముపై గరిటెతో పూతను ఒక్క విసురున పోసి నమూనా ముగించెడివాడు. పదునైదు క్షణములలో ముగియు పనికి ఇంత విలువ యేమని ఒకరడుగగా, ఆ క్షణములకు వెనుక అరువది యేండ్లను కూడ కలిపి లెక్కింపుమని నవ్వెనట.

1925లో యనగి సోయెత్సు, కవాయి, హమదా మువ్వురును కలిసి సామాన్య జనుల చేతిపనికి మింగెయి అను పేరు కల్పించిరి. 1936లో టోక్యోలో జానపద కళావస్తు ప్రదర్శనశాల తెరువబడెను. 1952లో హమదా యనగి, లీచ్‌లతో ఇంగ్లండులో డార్టింగ్టన్ సమావేశమునకు పోయి, పిదప అమెరికా యంతయు తిరిగి సారెపై పనిచేసి చూపెను. ఆ బృందపు ప్రభావము మన దేశమునకును ప్రాకెను: 1919లో జపానుకు పోయి విద్య నేర్చిన సర్దార్ గుర్‌చరణ్ సింగ్ ఢిల్లీలో నీలి మృత్పాత్రల పరిశ్రమను స్థాపించెను.

ఇంగ్లండు నుండి వచ్చిన నాటినుండి హమదా తన పాత్రలపై సంతకము చేయలేదు. కాలము గడిచిన పిదప తన చెడు పాత్రలు శిష్యులవిగను, శిష్యుల మంచివి తనవిగను ఎన్నబడునని పరిహాసమాడెడివాడందురు. కాని పాత్రనుంచు కొయ్యపెట్టె మీద మాత్రము పేరు వ్రాయక తప్పలేదు. కొనువారు దానినే కోరిరి. 1955లో ప్రభుత్వము ఆయనను సజీవ జాతీయ నిధిగా గౌరవించెను. 1968లో సంస్కృతి పతకము లభించెను. పేరులేని పనివానిని కీర్తించిన మనిషి పాత్రలు ధనికులకు తప్ప అందని ధరకు పోయెను. ఈ వైరుధ్యమును ఆయన తీర్పలేకపోయెనని ఒప్పుకొనవలయును. మషికో మాత్రము బ్రతికెను. నలుదెసలనుండి యువకులు వచ్చి చేరిరి. ఆయన శిష్యుడు షిమవోక తత్సుజో 1996లో అదే బిరుదము పొందెను.

1961లో యనగి మరణింపగా ప్రదర్శనశాల బాధ్యత హమదాపై పడెను. తాను దేశదేశములనుండి సేకరించి గురువులుగా నెంచుకొన్న వస్తువులను 1977లో తన యింటి ఆవరణలోనే ప్రజల దర్శనార్థము ఉంచెను. 1978 జనవరి 5వ తేదీన మషికోలో కన్నుమూసెను. 2011 మార్చి భూకంపమున ఆయన ఎనిమిది అరల ఆవము దెబ్బతినెను. దానిని మరల కట్టి, 2015లో ఆ యూరి కుమ్మరులు తమ తమ పాత్రలను అందుంచి కాల్చిరి.