చెరువుల గొలుసు – విశ్వేశ్వరయ్యగారి లెక్క

హైదరాబాదునకు ఉత్తరముననున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల విద్యార్థులకు గొలుసుకట్టు చెరువులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువ చెరువు నిండి అలుగు పారినచో ఆ నీరు దిగువ చెరువును జేరును. వానలు తక్కువైన యేట ఇది వరమే. కాని ఎగువ కట్టకు గండి పడెనా, ఆ గొలుసే ఆపదకు దారియగును. ఈ సంగతిని లెక్కలతో తేల్చిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

వారి పూర్వుల గ్రామము మోక్షగుండము. వారు పుట్టినది మైసూరు రాజ్యమునందలి ముద్దేనహళ్లి. చిన్నతనముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరున చదివిరి. పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున జేరిరి. పూనా చెంత ఖడక్‌వాస్లా ఆనకట్టకు 1903లో వారమర్చిన తలుపులు, నీరు మితిమీరినప్పుడు మనిషి చేయి తగులకయే తెరచుకొనునట్టివి. కావలివాడు ఏమరినను కట్ట నిలుచుటకు ఇంతకంటె మంచి ఉపాయమేమి?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో సుమారు 15,000 మందిని బలిగొనెను. నిజాం ప్రభుత్వము పిలువగా మరుసటి యేడు విశ్వేశ్వరయ్యగారు వచ్చిరి. వాన అసాధారణమే, అయినను నింద యంతయు వానపై మోపి వారు ఊరకుండలేదు. నగరమునకు ఎగువ మూసీ పరీవాహక ప్రాంతమున 788 చెరువులుండగా, 221 తెగెనని తేల్చిరి. తన వాననీటిని ఓర్చుకొనగల చెరువు సైతము, పైచెరువు తెగిన నీరు మీదబడగా నిలువజాలదు. తెగిన ప్రతి చెరువును తన భారమును క్రిందిదానిపై వేయును.

నేడు వేలకొలది కంప్యూటర్లను ఒకే పనికి జోడించు ఇంజనీర్లు వెరచునదియు దీనికే. ఒకటి చెడినచో దాని పని తక్కినవానిపై బడును. అవియు మోయలేక ఒకదాని వెంట నొకటి ఆగిపోవును. అందుచే ప్రతి యంత్రమున కొంత శక్తిని వాడక మిగిల్చియుంచెదరు. ఒకే సమాచారమును పలుచోట్ల దాచెదరు.

విశ్వేశ్వరయ్యగారు సూచించినదియు అట్టి మిగులే. మూసీపై నొకటి, ఈసీపై నొకటి పెద్ద జలాశయములు కట్టి, వానిలో వరదకై కొంత చోటు ఖాళీగా విడువవలెను. పట్టిన వరదను నది మోయగలిగినంతగా మెల్లమెల్లగా వదలవలెను. ఖాళీ చోటునకు ధనము వెచ్చించుట ఏ పాలకునకును సులభముగా రుచింపదు. అయినను ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అప్పటికి వారు మైసూరు దివానుగా 1912 నుండి 1918 వరకు పనిచేసి విరమించియుండిరి. 1955లో భారతరత్నమైరి; 1962 ఏప్రిల్‌లో బెంగుళూరున కన్నుమూసిరి.

2020 అక్టోబరు వానలకు హైదరాబాదు దక్షిణమున పల్లెచెరువు కట్ట తెగి, దిగువ బస్తీలు మునిగినవి.