ఇసుక మీద ఆనకట్ట.. కాటన్ దొర ఎక్కడ నేర్చుకున్నారంటే?

గోదావరిలోనైనా, నెల్లూరు పెన్నాలోనైనా ఎంత తవ్వినా ఇసుకే. పునాది ఎక్కడ వేయాలి? 1833 కరువులో గుంటూరు, నెల్లూరు వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. వరద నీళ్లేమో ఏటా సముద్రం పాలు! 1803లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఆర్థర్ కాటన్‌కు దారి చూపింది కావేరిపై చోళుల నాటి కల్లణై. పెద్ద రాళ్లను ఇసుకలో దిగినంత దిగనిచ్చి, వాటిపైనే మట్టితో కట్టేశారు.. అంతే! ఇసుక పునాదిపైనే 1836లో కొల్లడంపై కట్టి చూశారు. ధవళేశ్వరంలో 1847లో పని మొదలైంది. ఇసుకలో నూతులు దించారు, పైన దగ్గరి కొండ రాయి, సున్నం. 1852కల్లా పూర్తి. పెన్నాపై నెల్లూరు ఆనకట్టా ఆ దశకంలోదే. 1899లో కన్నుమూసిన కాటన్, ఈ విద్య పాతవాళ్ల దగ్గర నేర్చుకున్నదేనని దాచకుండా ఒప్పుకున్నారు. గోదావరి జిల్లాల్లో ఎక్కడ చూసినా ఆయన విగ్రహాలే. కల్లణై కట్టిన మేస్త్రీల పేర్లు మాత్రం ఎవరికీ తెలీదు.