అసలు తింటున్నామన్న ఆడిటర్... కుమారప్ప

వడ్డీ తిని బతికేవాడికీ, అసలు తిని బతికేవాడికీ పైకి తేడా కనిపించదు. ఇద్దరి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది. ఇద్దరి జేబులోనూ డబ్బు ఆడుతుంది. తేడా తెలిసేది అసలు అయిపోయిన రోజునే. ఈ చిన్న లెక్కను ఎనభై ఏళ్ల కిందట ఒక మనిషి జైల్లో కూర్చుని దేశానికీ, ప్రపంచానికీ వేసి చూశారు. బొగ్గు, పెట్రోలు తవ్వుకుని కట్టే సంపద ఆదాయం కాదు, అసలును కరిగించుకోవడమేనని తేల్చారు. ఆయనే జె.సి. కుమారప్ప. గాంధీజీ వెంట నడిచిన ఆర్థికవేత్త. చమురు దేశాల్లో చెమటోడుస్తున్న మనం ఒక్కసారైనా తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

సూటు వేసుకున్న లెక్కల మనిషి

1892 జనవరి 4న తంజావూరులో ఒక తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అప్పటి పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. తండ్రి ప్రజాపనుల శాఖలో ఉద్యోగి. లోటు లేని ఇల్లు. కుర్రాడు లండన్ వెళ్లి అకౌంటెన్సీ చదివాడు. తిరిగొచ్చి బొంబాయిలో సొంతంగా ఆడిట్ సంస్థ పెట్టుకున్నాడు. మాట ఇంగ్లీషు, వేషం దొరవేషం. 1927లో అమెరికా ప్రయాణం కట్టి ముందు సిరక్యూజ్, తర్వాత న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయాల్లో చదివాడు.

మలుపు అక్కడే వచ్చింది. భారతదేశం ఎందుకు పేదగా ఉందన్న విషయం మీద ఆయన చేసిన ఒక ఉపన్యాసం పత్రికలకెక్కింది. అది చూసిన ప్రొఫెసర్ సెలిగ్‌మన్, పరిశోధనకు ఆ విషయమే తీసుకోమన్నారు. ఆడిటర్ కదా, ప్రభుత్వ పద్దులు ముందేసుకున్నాడు. రైతు కట్టిన పన్ను ఎటు పోతోందో అంకెల్లో కనిపించింది. సైన్యానికీ, పెద్ద అధికార్ల జీతాలకూ, అప్పులకూ పోగా పల్లెకు తిరిగొచ్చేది అంతంతమాత్రం. దొరతనం అంటే ఉన్న మోజు ఆ లెక్కలతో దిగిపోయింది. కుటుంబానికి పూర్వం ఉన్న కుమారప్ప పేరునే మళ్లీ పెట్టుకున్నారు.

1929 మేలో ఆ పరిశోధన కాగితాలు పట్టుకుని సబర్మతి ఆశ్రమానికి వెళ్లారు. చెట్టు కింద, పేడతో అలికిన నేల మీద ఒక ముసలాయన రాట్నం వడుకుతున్నాడు. కుమారప్ప కర్ర ఆనుకుని నిలబడి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి పలకరిస్తే గానీ ఆయనే గాంధీ అని తెలియలేదు. సిల్కు సూటుతోనే నేల మీద చతికిలబడ్డారు. ఆ తర్వాత బొంబాయి ప్రాక్టీసు జోలికి పోలేదు.

గాంధీకీ తప్పని లెక్క

మొదటి పని గుజరాత్ ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకా సర్వే. గుజరాతీ రాదు. అయినా గుజరాత్ విద్యాపీఠ్ విద్యార్థులను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, ఒక్కో ఇంటి రాబడీ, ఖర్చూ, అప్పూ రాయించారు. రైతు పేదరికాన్ని ఇంటి పద్దుల్లోంచి చూపించిన తొలి సర్వేల్లో అదొకటి. 1930లో గాంధీ జైలుకు వెళ్లాక యంగ్ ఇండియా పత్రిక బాధ్యత చూశారు. ఆ రాతలకు తనూ జైలుకెళ్లారు.

1934 జనవరి 15న బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. సహాయ నిధి లెక్కలు కుమారప్పకు అప్పజెప్పారు. కార్యకర్త రోజు ఖర్చుకు ఇంత అని కట్టె కొట్టినట్టు నిర్ణయించారు. తర్వాత గాంధీజీ పరివారం పర్యటనకు వచ్చింది. వాళ్ల తిండి ఖర్చు ఆ లెక్కలో ఇమడదు. బాధితుల కోసం ఇచ్చిన సొమ్ములోంచి అది ఇవ్వనని ముఖం మీదే చెప్పేశారు. గాంధీజీ ఆ మాటకు తల ఒగ్గారు. ఎవరి డబ్బో, ఎందుకిచ్చారో మర్చిపోకూడదన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న సూత్రం.

కిరోసిన్ వద్దన్న దీపం

అదే ఏడాది డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టారు. కార్యదర్శి కుమారప్ప, కేంద్రం మగన్‌వాడి. దంపుడు బియ్యం, గానుగ నూనె, తాటిబెల్లం, చేతి కాగితం, తేనెటీగల పెంపకం అన్నీ అక్కడ నేర్పేవారు. మరలో పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు బలమూ పోతుందని, చెరకు వేసే నేల తిండిగింజలకు మిగలాలంటే తాటి, ఈత చెట్ల బెల్లం చేసుకోవాలని ప్రచారం చేశారు. ఇవాళ ఆరోగ్యం కోసం అని సూపర్ మార్కెట్లో ఎక్కువ ధర పెట్టి కొంటున్నది ఆ సరుకే.

అక్కడే మగన్ దీప్ అనే లాంతరు తయారైంది. కిరోసిన్ కాదు, గింజల నూనెతో వెలిగేది. కిరోసిన్ కొంటే పల్లె డబ్బు సముద్రం దాటిపోతుంది, పైగా భూమిలోని నూనె ఎప్పటికైనా అడుగంటేదే. చెట్టు గింజ మాత్రం ఏటా కాస్తుంది. ఆయన ఆర్థికశాస్త్రం మొత్తం ఈ ఒక్క లాంతరులో ఉంది.

జైల్లో రాసిన పుస్తకం

1942 ఉద్యమంలో మళ్లీ అరెస్టు. జబల్‌పూర్ జైల్లో ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్ రాశారు. 1945లో అచ్చయింది. అందులో మనుషుల బతుకుతెరువును ప్రకృతిలోని జీవులతో పోల్చారు. పులి వేటాడి చంపి తింటుంది. కోతి తోటలో పడి పండ్లు తింటుంది, తోటకు ఏమీ చేయదు. తేనెటీగ పువ్వు దగ్గర తీసుకుంటుంది, కాయ కాయడానికి సాయం చేస్తుంది. తన పట్టు మొత్తం కోసం పాటుపడుతుంది. పిల్లకు మేత పెట్టే తల్లి పక్షి ఏమీ ఆశించదు. దేశాలు పులి, కోతి దశలు దాటాలన్నది ఆయన కోరిక.

అందులోనే మన పద్దు కూడా ఉంది. ఎండ, వాన, పశువుల ఎరువు, అడవి పెరుగుదల మళ్లీ మళ్లీ వచ్చేవి. బొగ్గు, చమురు, ఖనిజాలు ఒకసారి తీస్తే అంతే. రెండో రకం మీద బతికే దేశాల మధ్య పోట్లాట తప్పదని, ఆ యుద్ధకాలంలోనే ఆయన రాశారు.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్ భూసంస్కరణల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. మన ఎన్.జి. రంగా అందులో సభ్యుడు. దున్నేవాడికే భూమి దక్కాలని, భూమికి పరిమితి ఉండాలని 1949 నివేదిక చెప్పింది. అది చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. దేశం భారీ పరిశ్రమల దారి పట్టింది. ట్రాక్టరు పేడ వేయదు కదా అని అడిగే మనిషి ఢిల్లీ పెద్దలకు చాదస్తంగా కనిపించారు.

న్యాయంగా చెప్పాలంటే, ఆయన ప్రతి మాటా నెగ్గలేదు. 1960ల తిండి కొరతను దాటించింది కొత్త వంగడాలు, రసాయన ఎరువులే. కానీ ఆ పంటల వెనకాల బోరు ఉంది. నేడు ప్రపంచంలో భూగర్భజలాన్ని అందరికంటే ఎక్కువ తోడుతున్న దేశం మనదే. అదీ అసలు తినడమే.

మన లెక్క

ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు ఈ సంగతి పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. బావి ఎండింది, బోరు వేశాం, అది ఎండితే ఇంకా లోతు వేశాం, అప్పు పెరిగింది, విమానం ఎక్కాం. ఒక కరిగిపోయే సంపద వదిలి, ఇంకో కరిగిపోయే సంపద నీడకు వచ్చాం. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు 2016 జనవరికి ముప్పై డాలర్ల లోపుకు పడింది. ఆ ఏడాదే సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీల్లో పనిచేసే వేలమంది భారతీయులు జీతాల్లేక, క్యాంపుల్లో తిండికి కటకటలాడారు.

గల్ఫ్ పాలకులకు ఈ లెక్క తెలీదనుకోవద్దు. కువైట్ 1953లోనే చమురు డబ్బులో కొంత పక్కన పెట్టి పెట్టుబడి నిధి మొదలుపెట్టింది. అబుదాబి 1976లో అదే చేసింది. నూనె అయిపోయినా పిల్లలకు రాబడి ఉండాలని. మన దగ్గర తరిగేది నూనె కాదు, ఒంట్లో సత్తువ. ఇరవై ఐదు నుంచి యాభై లోపు ఉండే ఆ ఏళ్లే మన అసలు. అవి పెళ్లి ఆర్భాటానికీ, ఆరో బోరుకూ పోతే తిరిగి రావు. పిల్ల చదువు, పాడి గేదె, చేతిలో పని, పేరు మీద కాస్త పొదుపు ఉంటే మనం ఇంటికి తిరిగొచ్చాక కూడా అవి ఇస్తూనే ఉంటాయి. ఊళ్లోనూ అంతే. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయతో పూడిక తీసిన చెరువుల్లాంటివి వాన పడ్డప్పుడల్లా నిండి, చుట్టుపక్కల బావుల్లోకి నీరు దింపుతాయి. ఎంత లోతు బోరైనా ఒక్క చుక్క నీటిని కూడా పుట్టించలేదు.

కుమారప్ప పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. చివరి ఏళ్లు మదురై దగ్గర టి. కల్లుపట్టి గాంధీ నికేతన్‌లో చిన్న ఇంట్లో గడిపారు. గోడ మీద ఒక పేద పల్లెటూరి మనిషి బొమ్మ పెట్టుకున్నారు. గాంధీ తన గురువైతే, ఈ మనిషి ఆ గురువుకూ గురువని వచ్చినవాళ్లకు చూపించేవారు. 1960 జనవరి 30న, గాంధీ పోయిన తేదీనే, మదురైలో కన్నుమూశారు. 2024 ప్రపంచంలో ఇంతవరకూ నమోదైన అన్ని ఏళ్లకంటే వేడి ఏడాది అయింది. జైల్లో ఆ ఆడిటర్ మూసిపెట్టిన పద్దును ఇప్పుడు దేశాలన్నీ తెరిచి చూడక తప్పడం లేదు. ఈ నెల జీతం ఇంటికి పంపే ముందు, మన పద్దు మనమూ ఒకసారి తెరిచి చూసుకుందాం.