మోక్షగుండం విశ్వేశ్వరయ్య: ఇంజనీరు వృత్తిధర్మం

జూబిలీ హిల్స్ ప్రాంతంలో ఒకప్పుడు బండరాళ్ళు, పొదలు తప్ప వేరేమీ కనిపించేవి కావని మన పెద్దలు చెబుతారు. 1960 దశకంలో ఏర్పడిన గృహనిర్మాణ సహకార సంఘం వలన అక్కడ ఇళ్ళు వెలిశాయి. మద్రాసు నుండి తరలివచ్చిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ స్టూడియోలను, దానితోపాటు ఫిలింనగర్‌ను తెచ్చిపెట్టింది. ఆ స్టూడియోలలో రాజమహళ్ళు, కోటలు ఎన్నో లేస్తుంటాయి. చెక్కతోను, అట్టతోను వేసిన సెట్టింగు కూలినా మళ్ళీ వేసుకోవచ్చును. అయితే 2016 జూలై 24న ఆ ఫిలింనగర్‌లోనే, కల్చరల్ సెంటర్ ఆవరణలో కడుతున్న పోర్టికో కూలి ఇద్దరు కూలీలు మరణించారు. అది సెట్టింగు కాదు, ఇనుము, సిమెంటు కలిపి పోసిన నిజమైన కప్పు. ఆ నిర్మాణానికి అనుమతి లేదని నగరపాలక సంస్థ వారు ప్రకటించారు. ఎవరి తప్పు ఎంత అని తేల్చడం న్యాయస్థానముల పని, మా పని కాదు. కాని కప్పు పోయడానికి ముందు అక్కడ ఎవరో ఒకరు ఆగండి అని చెప్పవలసి ఉండెను గదా అన్న ఆలోచన మమ్ములను వదలలేదు. ఆ మాట చెప్పగల విద్య ఇంజనీరుది. ఆ మాట చెప్పి తీరవలసిన బాధ్యతకే వృత్తిధర్మమని పేరు.

ఈ ధర్మమును కాగితంపై వ్రాసుకొనే అలవాటు మిక్కిలి ప్రాచీనమైనదేమీ కాదు. అమెరికాలో విద్యుత్ ఇంజనీర్ల సంఘం 1912లోను, సివిల్ ఇంజనీర్ల సంఘం 1914లోను తమ నియమావళులను ఆమోదించుకొన్నాయి. ఆనాటి నియమములలో యజమాని పట్ల విధేయత, తోటి ఇంజనీరు పట్ల మర్యాద, ఇవే ముఖ్యములు. ప్రజల ప్రాణరక్షణ పట్ల తగిన శ్రద్ధ చూపవలెనన్న మాట 1947లో స్పష్టంగా చేరింది. అన్నిటికన్న అదే మిన్న అని చెప్పడానికి 1974 వరకు ఆగవలసి వచ్చింది. మన దేశంలో 1920లో ఏర్పడిన ఇంజనీర్ల సంస్థకు కూడ నియమావళి ఉన్నది. నేడు పెద్ద కంపెనీలన్నీ తమ తమ నీతి నియమములను అందంగా అచ్చు వేయించుకొంటున్నాయి. మన నగరంలోని సత్యం కంపెనీ సైతం 2008లో సత్పరిపాలనకుగాను బహుమతి పొందినదే. తన లెక్కలు కల్లలని ఆ సంస్థ అధిపతి 2009 జనవరిలో తానే ఒప్పుకొన్నారు. అందుచేత అచ్చు వేసిన నియమముల కంటె, అవి పుట్టక ముందే వాటిని ఆచరించి చూపిన ఒక మనిషి జీవితం మన విద్యార్థులకు ఎక్కువగా ఉపయోగపడునని భావించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చరిత్రను ఎన్నుకొన్నాము.

ఆయన ఇంటిపేరే ఆయన మూలములను చెబుతుంది. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం ఆ కుటుంబపు పూర్వుల గ్రామం. వారు మైసూరు సీమకు వలసపోయారు. అక్కడ ముద్దెనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. బాల్యంలోనే పితృవియోగం కలిగింది. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూనే పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకొన్నారు. పిమ్మట మైసూరు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులై, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

సింధు దేశంలోని సుక్కూరు పట్టణానికి నదీజలమును శుద్ధిచేసి అందించిన పని ఆయనకు పేరు తెచ్చింది. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా చెరువుకు 1903లో ఆయన అమర్చిన తలుపులు మరింత ప్రసిద్ధములు. వరద పెరిగినప్పుడు వాటంతట అవే తెరుచుకొని, తగ్గగానే మూసుకొనే తలుపులవి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలువ చేయడానికి అవి వీలు కల్పించాయి. ఆ ఉపాయానికి పేటెంటు లభించినా, సర్కారు జీతం తింటూ చేసిన పనికి వేరే ప్రతిఫలమేమిటని రాయల్టీ పుచ్చుకొనలేదని చెబుతారు. ప్రభుత్వపు కొవ్వొత్తిని ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకొన్న కథ కూడ వ్యాప్తిలో ఉన్నది. కొవ్వొత్తి కథలు ప్రతి మహనీయునికి అంటుకొనేవే గనుక దానిని పక్కన పెట్టి, దస్తావేజులలో నిలిచిన ఆయన పనినే చూద్దాము.

1908లో బొంబాయి కొలువునుండి తప్పుకొని ఆయన విదేశయాత్రలో ఉండగా, హైదరాబాదు నుండి పిలుపు వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీనది నగరమును ముంచివేసింది. మన పాతబస్తీ వృద్ధులు దానిని తుగ్యానీ అనే పిలిచేవారు. సుమారు 15,000 మంది మరణించారని, 19,000 ఇళ్ళు పోయాయని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది బ్రతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి తోటలో వారి స్మారకంగా నిలిచింది. ఉర్దూ రుబాయీలకు పేరెన్నికగన్న అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి ఒంటరిగా మిగిలారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళను నిరాశ్రయులకు తెరిపించారు. ఇంతటి దుఃఖంలో, ఇది దైవాగ్రహమని సరిపెట్టుకొన్నవారు చాలమంది ఉండిరి. సరిపెట్టుకొనడంలో ఒక సౌకర్యం ఉన్నది. దానివలన ఏ అధికారీ జవాబు చెప్పుకొననక్కరలేదు.

1909 ఏప్రిల్‌లో వచ్చిన విశ్వేశ్వరయ్యగారు ఆ సౌకర్యమును ఎవరికీ మిగల్చలేదు. ఆయన మొదట వర్షం లెక్కలు తీశారు. శంషాబాదులో ఒక్క రోజులో 12 అంగుళములకు పైగా కురిసినట్లు తేలింది. పిమ్మట నది ఎగువ ప్రాంతమంతా పరిశీలించారు. మూసీ, ఈసీల పరీవాహక ప్రాంతంలో మొత్తం 788 చెరువులున్నట్లు, వానిలో 221 తెగినట్లు లెక్క తేల్చారు. పై చెరువు తెగి కింది చెరువుపై పడగా, అది తెగి దాని దిగువ చెరువుపై పడింది. ఇట్లు గొలుసుకట్టుగా వచ్చిన నీరు నాలుగు లక్షల క్యూసెక్కులను దాటి నగరంపై విరుచుకుపడింది. వాన ఆకాశంనుండి వచ్చినదే అయినా, ఆ నీటిని నిలుపలేకపోయిన కట్టలు మనుష్యులు కట్టినవి, మనుష్యులు కాపాడవలసినవి. తనను పిలిపించి ఫీజు ఇస్తున్న సర్కారుకే ఈ మాట లెక్కలతో సహా నివేదించడం తేలిక కాదు. ఆయన వృత్తిధర్మమంతా ఈ లెక్కలోనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

1909 అక్టోబరులో సమర్పించిన నివేదికలో ఆయన రెండు జలాశయములను సూచించారు. ఒకటి మూసీపైన, రెండవది ఈసీపైన. మామూలు నీటిని వదలి, అసాధారణమైన వరదను పట్టి ఉంచి మెల్లగా దిగువకు పంపడం వాటి ప్రధానోద్దేశం. నగరానికి త్రాగునీరు అందించడం దానికి తోడైన మేలు. ఒడ్డులను ఎత్తు చేసి, వాటి వెంట తోటలు, బాటలు వేయవలెనని, మురుగునీటి పారుదల బాగుచేయవలెనని కూడ ఆయన కోరారు. ఆ ప్రకారం ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. నగరవాసులలో చాలమందికి ఇప్పుడు ఉస్మాన్‌సాగర్ అంటే గండిపేట నీరు, షికారు మాత్రమే. అది ముందుగా వరదకు కట్టిన తొట్టి అన్న సంగతి మరుపున పడింది. ఆ సాగరముల చుట్టూ 84 గ్రామములలో కట్టడములను పరిమితం చేస్తూ 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు తెచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. ఈ రెంటి నడుమ 2020 అక్టోబరులో నగరం మళ్ళీ వరదలో మునిగిన సంగతి విద్యార్థులు మరచి ఉండరు. ప్లానుపై సంతకం పెట్టే ప్రతి ఇంజనీరు ఆ 221 చెరువుల లెక్కను ఒకసారి చదివి ఉంటే బాగుండును.

మైసూరు చరిత్ర ఎక్కువమందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాము. 1909 చివర అక్కడ ప్రధాన ఇంజనీరు, 1912లో దివాను అయ్యారు. కావేరిపై కృష్ణరాజసాగరం 1911లో మొదలైంది. మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయం ఆయన హయాములో వెలసినవే. అయితే మహనీయుల జీవితంలో మనం ఆమోదించలేనివి దాచిపెట్టడం చరిత్ర కాదు. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం తక్కువ నీటి నిలువకే అంగీకరించగా, మైసూరువారు పునాదులను మాత్రం పూర్తి ఎత్తుకు తగినంత వెడల్పున వేశారు. ఇంజనీరు దూరదృష్టిగా దీనిని మెచ్చుకొనేవారున్నారు. పొరుగువారికి ఇచ్చిన మాట మాటేమిటని అడిగే హక్కు మద్రాసువారికి ఉండెను. ఆ తగవు 1924 ఒప్పందం దాక సాగింది.

రెండవది మాకు మరింత దగ్గరి విషయం. ప్రభుత్వోద్యోగములలో బ్రాహ్మణేతరులకు తగిన పాలు కల్పించడానికై 1918లో మైసూరు మహారాజు మిల్లర్ కమిటీని నియమించారు. యోగ్యత ఒక్కటే కొలబద్ద కావలెనన్నది విశ్వేశ్వరయ్యగారి మతం. ఆయన ఆ ఏటనే దివాను పదవి విడిచారు. మైనారిటీ కళాశాలలో పాఠములు చెప్పుకొనే మేము ఈ విషయంలో ఆయన పక్షాన నిలువలేము. చదువుకొనే వీలు కలుగని ఇంటిలో యోగ్యత ఎట్లు మొలుచును? పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ చదివిన వానికి ఈ ప్రశ్న తోచకపోవడం మాకు ఆశ్చర్యం. ఐనను, తాను నమ్మని విధానమును అమలుచేస్తూ కుర్చీని పట్టుకొని వ్రేలాడలేదన్నది కూడ చెప్పి తీరవలసిన విషయమే.

1923 నుండి భద్రావతి ఇనుప కర్మాగారమునకు అధ్యక్షత వహించి దానిని నష్టములనుండి గట్టెక్కించారు. అక్కడ తనకు రావలసిన ప్రతిఫలమును తాను వాడుకొనక, బీద బాలురకు చేతిపనులు నేర్పే విద్యాలయమునకు వినియోగించవలసినదని కోరారు. బెంగుళూరులో ఆ సంస్థ నెలకొన్నప్పుడు తన పేరు వద్దన్నారు. అది జయచామరాజేంద్ర మహారాజు పేరనే వెలసింది.

మన నగరంలో ఆయన ప్రారంభించిన పని మన వారి చేతనే ముందుకు సాగింది. నిజాం కాలేజీలో చదివి, సర్కారు వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు వెళ్ళివచ్చిన మీర్ అహమద్ అలీ, అనగా నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్, హైదరాబాదు రాజ్యపు ప్రధాన ఇంజనీరైనారు. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ ఆయన కృషి ఫలమే. వైరా, పాలేరు జలాశయములు కూడ ఆయన కాలపువే. 1929లో బొంబాయి ప్రభుత్వం సుక్కూరు ఆనకట్టను పరిశీలించి చెప్పవలసినదిగా విశ్వేశ్వరయ్యగారిని, అలీ నవాజ్ జంగ్‌గారిని కలిపి కోరింది. పడుచు ఇంజనీరుగా నీరు శుద్ధిచేసి ఇచ్చిన ఊరికే ఆయన మళ్ళీ వెళ్ళారు. ఈసారి పక్కన ఒక హైదరాబాదీ ఉన్నారు. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదలకు చెందిన ఉపసంఘానికి నవాబుగారే అధ్యక్షులు. ఆయన 1949 డిసెంబరు 6న మరణించారు.

విశ్వేశ్వరయ్యగారు మరి పన్నెండేళ్ళకు పైగా జీవించారు. తొంభై యేళ్ళ వయసులో బీహారులో గంగపై వంతెన ఎక్కడ కట్టవలెనో నిర్ణయించే సంఘానికి పెద్దగా పనిచేశారు. 1955లో భారతరత్న అందుకొన్నారు. నూరేళ్ళు నిండిన పిమ్మట 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ముద్దెనహళ్ళిలో ఆయన సమాధి ఉన్నది. జూబిలీ హిల్స్ నుండి కొద్ది దూరంలోనే, ఖైరతాబాదులో ఉన్న ఇంజనీర్ల సంస్థ భవనం ఆయన పేరనే వెలసింది. దేశమంతా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినం జరుపుతుండగా, తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట అలీ నవాజ్ జంగ్ పుట్టిన జూలై 11ను కూడ ఇక్కడ ఇంజనీర్ల దినంగా పాటిస్తున్నారు.