పసిబిడ్డల కాపరి ఓబెర్లిన్

మన ప్రభువు గ్రామములలో సంచరించుచు సువార్త ప్రకటించుటయే గాక రోగులను బాగుచేసెనని మత్తయి 9:35లో చదువుచున్నాము. ఈ రెండు పనులను విడదీయని కాపరి యోహాన్ ఫ్రెడ్రిక్ ఓబెర్లిన్.

ఆయన 1740లో స్ట్రాస్‌బర్గు పట్టణమున జన్మించెను. ఒక శస్త్రవైద్యుని యింట పిల్లలకు చదువు చెప్పుచు కొంత వైద్యము నేర్చుకొనెను. 1767లో ఫ్రాన్సు దేశపు ఆల్సేసు కొండలలోని వాల్డెర్స్‌బాక్ సంఘమునకు కాపరిగా వెళ్లెను. ప్రజలు కడు బీదలు; సరియైన బాటయైనను లేదు. ఆయన పలుగు పట్టి వారితో కలిసి బాట వేసెను. రోగులకు తానే మందులిచ్చెను. మంత్రసాని పని నేర్చుకొనుటకు స్త్రీలను పట్టణమునకు పంపెను.

పెద్దలు పనికి పోగా పసిబిడ్డలను చూచువారెవరు? బెల్‌మోంట్ గ్రామమున సారా బాన్జె అను యువతి తన యింట పిల్లలకు అల్లికపని నేర్పుచుండెను. ఓబెర్లిన్ జీతమిచ్చి ఆమెను ఆ పనికే నియమించెను. 1770 ప్రాంతమున మొదలైన ఆ బడులలో పసివారు అల్లికతోపాటు పాటలు, బైబిలు కథలు, మొక్కల పేర్లు, శుభ్రత నేర్చుకొనిరి. సారా 1774లో మరణించినను పని ఆగలేదు. లూయీజ్ షెప్లెర్ అను సేవకురాలు దానిని కొనసాగించెను. ఓబెర్లిన్ 1826లో ప్రభువునందు నిద్రించెను. 1829లో ఫ్రెంచి అకాడమీ లూయీజుకు సద్గుణ బహుమానమిచ్చెను.

ప్రియులారా, కూలికి పోయిన తల్లి బిడ్డ నేడు మన వీధిలో ఎవరి కనుసన్నలలో నున్నాడు? వానికి చేతులు కడుగుకొన నేర్పుట కాపరులమైన మాకును, సంఘస్త్రీలకును తక్కువ పని కాదు. అదియు పరిచర్యయే.