ఫారడే నియమమునకు లొంగని రెండు ఘనములు

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపు దక్షిణ శివారున ఒక పేద కమ్మరి యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, కొంత లెక్క వేయుట నేర్చునంతలో బడిచదువు ముగిసినది. పదునాలుగవ యేట రీబో అను పుస్తకవిక్రేత వద్ద పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పనిలో చేరెను. కుట్టుటకు వచ్చిన గ్రంథములే ఆయనకు పాఠశాల యయ్యెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వానిని శ్రద్ధగా వ్రాసి, తానే అట్టకట్టి డేవీకి పంపెను. మరుసటి యేడు మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుడుగా ప్రవేశించెను. అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించిన 1831 నాటి ప్రయోగము విద్యార్థులెల్లరు నెఱిగినదే. దాని తరువాతి కథ అంతగా ప్రచారములోనికి రాలేదు.

1833 ఆరంభమున నీటిగుండ విద్యుత్తును పంపుచు, నీరు గడ్డకట్టిన తోడనే ప్రవాహము నిలిచిపోవుట ఆయన గమనించెను. సన్నని మంచుపొర సైతము దానికి అడ్డుగోడ యయ్యెను. సీసపు క్లోరైడు మొదలగు లవణములదియు అదే తీరు: గట్టిగా నున్నంతసేపు ప్రవాహము లేదు, కరగినంతనే కలదు. సమ్మేళనము ద్రవమైనగాని విద్యుత్తును మోయజాలదని ఆయన నియమ మేర్పరచెను. చక్కని నియమము, పదులకొలది పదార్థములు దానికి లోబడినవి.

అప్పుడే సిల్వరు సల్ఫైడు ఎదురు తిరిగినది. లోహమును కాచినకొలది విద్యుత్తు దానిలో కష్టముగా పాఱును. ఈ పదార్థము అందుకు విలోమముగా, చల్లగా నున్నపుడు అతిస్వల్పముగాను, దీపముపై కాచినకొలది అధికముగాను విద్యుత్తును పోనిచ్చెను. దీపము తీసివేసినను, పాఱుచున్న విద్యుత్తు పుట్టించిన వేడియే దానిని చల్లారనీయకుండెను. అయినను అది కరగలేదు. ఆ దశాబ్దములోనే సీసపు ఫ్లోరైడు కూడ కరగకయే, ఎఱ్ఱగా కాలిన స్థితిలో, విద్యుత్తును పోనిచ్చుట ఆయన కనుగొనెను.

తాను కట్టిన గోడలో బెజ్జమును తానే చూపుట ఎవరికిని సులభము గాదు. ఫారడే ఆ రెండింటిని దాచలేదు, సాకులు కల్పింపలేదు. నియమముతోపాటు అపవాదములను గూడ అచ్చువేయించెను. గణితము రాని ఆయనకు ప్రయోగ మొక్కటే ఆధారము. దానిని వంచినచో మిగులున దేమియు లేదు.

1834లో కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్ సలహాతో, విద్యుత్తుచే తరలు కణములకు గ్రీకు భాషనుండి అయాను అను పేరు తెచ్చెను. వెళ్ళునది అని దాని యర్థము. భాషాభ్యాసకులు మెచ్చదగిన నామకరణము! అయితే గట్టి పదార్థములో అది ఎట్లు వెళ్ళునో ఆయనకు తెలియలేదు. తరువాతి యేండ్లలో జ్ఞాపకశక్తి క్షీణించినది. సర్ బిరుదమును నిరాకరించి, 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూసెను.

1914లో టూబాంట్, లోరెంజ్ అను జర్మను శాస్త్రజ్ఞులు సిల్వరు అయొడైడును పరీక్షించిరి. 147 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, కరగకముందే, దాని వాహకత్వము వేలరెట్లు పెరిగినది. అయొడీను అయానులు తమ వరుసలలో కదలక నిలిచియుండగా, చిన్నవైన వెండి అయానులు ఆ సందులలో ఒకచోటినుండి మఱియొకచోటికి దుముకుచు, ఇంచుమించు ద్రవమువలె పాఱును. సిల్వరు సల్ఫైడులో వెండి అయానులతో ఎలక్ట్రానులు కూడ పాల్గొనును. సీసపు ఫ్లోరైడులో సీసము స్థిరము, తిరుగునది ఫ్లోరీను.